ఈ పూటకి ఇక్కడ ఆపుదాం

మీ అమ్మాయికి తొమ్మిదేళ్ళు. నాలుగో తరగతి, ఇంగ్లీషు మీడియం. తెలుగు అక్షరాలన్నీ వచ్చు. వత్తులూ గుణింతాలూ కూడబలుక్కుని చదవగలదు. కానీ పుస్తకం చేతికిస్తే రెండు పేజీలు తిప్పి పక్కన పడేస్తుంది. పోయిన పుట్టినరోజుకి ముచ్చటపడి వైజాగ్ నుంచి తెచ్చిన కథల పుస్తకం అట్ట కూడా నలగకుండా బీరువాలో ఉంది. ఫోను మాత్రం చేతిలోంచి దిగదు. "మా పిల్లకి చదివే అలవాటు లేదండీ" అని మీరు కనబడినవాళ్ళందరితోనూ అంటున్నారు. ఆ మాట పక్కనే నిలబడి పిల్ల వింటోంది.

నిజంగా ఆ పిల్లకి చదవడం ఇష్టం లేదా? లేక ఆ పుస్తకంలోకి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళేవాళ్ళు లేరా?

నర్సీపట్నంలాంటి ఊళ్ళో ఈ ప్రశ్నకి బరువెక్కువ. ఇక్కడ పుస్తకాల షాపుకి వెళ్తే నోటుపుస్తకాలు, గైడ్లు, టెస్టు పేపర్లు దొరుకుతాయి. పదేళ్ళ పిల్ల కోసం ఒక మంచి మాయల మంత్రాల నవల అడిగితే దొరకడం కష్టం. అందుకే చాలామంది ఆ ఆలోచనే మానేశారు. మానక్కర్లేదు. ఒక్క నవల చాలు. దాన్ని రోజుకి పావుగంట చొప్పున నెలా రెండు నెలలపాటు పిల్లతో కలిసి చదివితే, తర్వాతి పుస్తకం పిల్లే అడుగుతుంది. ఆ ఒక్క నవల ఏది, దాన్ని ఎలా చదవాలి అన్నదే ఈ అధ్యాయం.

ఏ పుస్తకం?

ఎనిమిది నుంచి పన్నెండేళ్ళ పిల్లలకి తెలుగులో అచ్చమైన అద్భుత సాహస నవలలు ఉన్నాయి. వాటిని రాసిన మనిషి దాసరి సుబ్రహ్మణ్యం. ఆయన 1952లో మద్రాసులో చందమామ ఆఫీసులో చేరి అర్ధ శతాబ్దానికి పైగా అక్కడే పనిచేశారు. 1954లో 'తోకచుక్క'తో మొదలుపెట్టి పన్నెండు సీరియళ్ళు రాశారు. మకరదేవత, ముగ్గురు మాంత్రికులు, కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం, రాతిరథం, యక్షపర్వతం, మాయాసరోవరం, భల్లూక మాంత్రికుడు. పేర్లు వింటేనే మీ ఇంట్లో తాతయ్య కళ్ళు మెరుస్తాయి, అడిగి చూడండి. అయితే రాసినవారి పేరు మాత్రం ఆయనకీ తెలిసి ఉండకపోవచ్చు. ఆ సీరియళ్ళ మీద రచయిత పేరు వేసేవారు కాదు. లక్షలమంది పిల్లల్ని నెలనెలా ఎదురుచూసేలా చేసిన మనిషి పేరు ఆ పిల్లలు పెద్దయ్యాక గానీ తెలుసుకోలేదు. సుబ్రహ్మణ్యం గారు 2010లో కన్నుమూశారు. పిల్లకి పుస్తకం ఇచ్చేటప్పుడు ముందు ఆయన పేరు చెప్పండి. అది మనం ఆయనకి బాకీ.

ఈ పన్నెండింటిలో మొదలుపెట్టడానికి నా ఓటు 'ముగ్గురు మాంత్రికులు'కి. ఎందుకంటే కథానాయకుడు రాజకుమారుడు కాడు. పింగళుడు, చేపలు పట్టుకుని బతికే కుర్రాడు. తాండవ జలాశయం దగ్గర వలలు ఆరేసుకునే ఇళ్ళ పిల్లలు మన బళ్ళలోనే చదువుతున్నారు. వాళ్ళకి పింగళుడు పరాయివాడు కాడు. పైగా కథ ఎత్తుకోవడమే గట్టిగా ఎత్తుకుంటుంది. దీనికి మూలం అరేబియన్ నైట్స్‌లోని జూదర్ కథ. ఆ మూలకథలో ఒక ఘట్టం ఉంది, చూడండి.

కుర్రాడు సరస్సు ఒడ్డున వల సర్దుకుంటున్నాడు. ఇంట్లో ముసలి తల్లి. అన్నలిద్దరూ పనికిమాలినవాళ్ళు. ఇంతలో కొత్త మనిషి ఒకడొచ్చి, తన చేతులు పట్టుతాడుతో వెనక్కి విరిచి కట్టి నీళ్ళలోకి తోసెయ్యమంటాడు. కాసేపటికి చేతులు పైకి తేలితే వల వేసి లాగాలట. కాళ్ళు తేలితే మాత్రం చచ్చిపోయాడని అనుకోవాలట. కుర్రాడు కట్టాడు. తోశాడు. నీళ్ళు కదిలి, మళ్ళీ సద్దుమణిగాయి. కుర్రాడు చూస్తున్నాడు. నీళ్ళలోంచి ఏదో పైకి వస్తోంది...

చేతులా? కాళ్ళా?

ఇక్కడ పుస్తకం మూసేస్తే ఏ పిల్ల ఊరుకుంటుంది? దాసరి ఆ కథని మన నేల మీదికి తెచ్చి, పింగళుడు, పద్మపాదుడు అని మన పేర్లు పెట్టి, నెలల తరబడి సాగే సాహసంగా పెంచారు. ఇక ఆ సాహసంలోకి పిల్లని ఎలా దింపాలో చూద్దాం.

1. ముందు మీరు చదవండి

మొత్తం అక్కర్లేదు, మొదటి మూడు భాగాలు చాలు. ఎక్కడ గొంతు తగ్గించాలి, ఎక్కడ ఆపాలి అన్నది మీకు ముందే తెలియాలి. తెలియకుండా కూర్చుంటే కథ మంచి పట్టులో ఉండగా మీరే తడబడతారు.

2. పిల్ల చేత చదివించకండి, మీరు చదవండి

"నాలుగో తరగతికి వచ్చింది, ఇంకా నేను చదివి పెట్టాలా?" అంటారు చాలామంది. పెట్టాలి. ఇంగ్లీషు మీడియం పిల్లకి తెలుగు వాక్యం చదవడంలోనే సగం ఓపిక అయిపోతుంది. కథ రుచి తెలిసేసరికి అలసిపోతుంది. చెవికి మాత్రం ఆ ఇబ్బంది లేదు. మీరు చదువుతుంటే పిల్ల కథని కథగా వింటుంది. అప్పట్లో చందమామకి సంపాదకుడిగా ఉన్న కొడవటిగంటి కుటుంబరావు గారు కథల భాష విషయంలో పట్టుదలగల మనిషి. వాక్యం చిన్నది, నడక సాఫీ. అందుకే ఈ సీరియళ్ళు పైకి చదవడానికి హాయిగా ఉంటాయి. నాటకం ఆడక్కర్లేదు. మాంత్రికుడికి కాస్త గొంతు మార్చండి, చాలు.

అన్నం తిన్నాక, పక్కలు వేశాక, పావుగంట. టీవీ ఆపాలి. మీ ఫోను పక్కగదిలో ఉండాలి. మీది, పిల్లది కాదు.

3. ప్రమాదం దగ్గర ఆపండి

ఈ అధ్యాయంలో ఒక్కటే గుర్తుంచుకోండి అంటే ఇది గుర్తుంచుకోండి.

ఈ నవలలు నవలలుగా పుట్టలేదు. సీరియళ్ళుగా పుట్టాయి. నెలకి ఒక్క భాగం. ప్రతి భాగమూ ఒక ప్రమాదం అంచున ఆగేది. కత్తి పైకి లేస్తుంది, గుహ మూసుకుపోతుంది, పడవ కింద ఏదో కదులుతుంది, అంతే. కింద 'ఇంకా ఉంది' అని ఉండేది. మళ్ళీ నెల రోజులు ఆగాలి. ఆ నెల రోజులూ పిల్లలు ఊరుకునేవారా? బడికి వెళ్తూ దారిలో వాదించుకునేవారు, ఇలా తప్పించుకుంటాడంటే కాదు అలా తప్పించుకుంటాడని. అంటే కథలో సగం చందమామలో ఉంటే, మిగతా సగం పిల్లల బుర్రల్లో నడిచేది.

ఇప్పుడు పుస్తకంగా వచ్చాక మనం చేసే పెద్ద పొరపాటు ఏమిటంటే, ఆ ఖాళీ పిల్లకి దొరకనివ్వకపోవడం. ఆదివారం సెలవు కదా అని నాన్న వరసగా ఆరు భాగాలు చదివేస్తాడు. పిల్ల కూడా అడుగుతుంది కాబట్టి చదివేస్తాడు. సోమవారానికి కథ ఎక్కడుందో ఇద్దరికీ గుర్తుండదు.

అలా చెయ్యకండి. రోజుకి ఒక్క భాగం. భాగం మరీ పొడవైతే మధ్యలోనే ఒక ప్రమాదం వెతుక్కుని ఆపండి. "ఆపేసేవేటి నాన్నా, తర్వాతేటైంది?" అని పిల్ల గోల పెడుతుంది. పెట్టనివ్వండి. "ఈ పూటకి ఇక్కడ ఆపుదాం అమ్మలూ. ఏమవుతుందో నువ్వే చెప్పు, రేపు చూద్దాం" అనండి. అని, పుస్తకం అందుబాటులోనే వదిలి లైటు తీసేయండి.

ఏదో ఒక రోజు మీరు డ్యూటీ నుంచి వచ్చేసరికి పిల్ల తర్వాతి భాగం తనంతట తనే కూడబలుక్కుని చదివేసి ఉంటుంది. మీరు కోప్పడకండి. మీరు ఇంతకాలం ఎదురుచూసింది దానికోసమే.

4. జరిగిన కథ పిల్ల చెప్పాలి

చందమామలో ప్రతి భాగం మొదట్లో అంతకుముందు నెల జరిగింది నాలుగు ముక్కల్లో ఇచ్చేవారు. మీ ఇంట్లో ఆ పని పిల్లది. పుస్తకం తెరవగానే "నిన్న ఎక్కడున్నాం?" అని అడగండి. తమ్ముడు అందుకుంటాడు, అక్క సరిచేస్తుంది, ఇద్దరూ దెబ్బలాడుకుంటారు. బాగుంది. ఒక పెద్ద కథలోంచి ముఖ్యమైనది ఏది, కానిది ఏది అని ఏరుకోవడం ఇలాగే వస్తుంది. తప్పు చెప్పినా మధ్యలో అడ్డుపడకండి. ఇది పరీక్ష కాదని పిల్లకి తెలిసినన్నాళ్ళే చెబుతుంది.

5. ప్రతి మాటకీ అర్థం చెప్పకండి

'ఒర దూసి' అన్నచోట ఆగి ఒర అంటే ఏమిటో, 'శిథిలం' అన్నచోట ఆగి శిథిలం అంటే ఏమిటో చెబుతూ పోతే మాంత్రికుడు పారిపోతాడు. పిల్ల అడిగితే ఒక్క ముక్కలో చెప్పి ముందుకెళ్ళండి. అడగకపోతే వదిలేయండి. పదిసార్లు వినేసరికి ఆ మాట పిల్ల నోట్లో ఉంటుంది.

6. బొమ్మ ముందే చూపించకండి

ఈ సీరియళ్ళకి బొమ్మలు వేసింది చిత్ర గారు. అసలు పేరు టి.వి. రాఘవన్. ఆయన గీసిన రాక్షసులూ వింతజంతువులూ, బురుజుల కోటలూ మరిచిపోయేవి కావు. అందుకే ముందు చూపిస్తే పిల్ల సొంత ఊహ అక్కడే ఆగిపోతుంది. ఆ బొమ్మ మీద చెయ్యి అడ్డంపెట్టి, "ఆ జంతువు ఎలా ఉంటుందంటావు?" అని అడగండి. కాగితం, పెన్సిలు ఇవ్వండి. గీశాక చెయ్యి తీయండి.

7. మన కొండలు చూపించండి

పెద్ద నగరాల పిల్లలకి లేని ఒక భాగ్యం నర్సీపట్నం పిల్లలకి ఉంది. రాకాసిలోయ ఎలా ఉంటుందో వాళ్ళు కళ్ళతో చూడొచ్చు. చింతపల్లి బస్సెక్కి ఘాటు మలుపులు తిరుగుతూ లంబసింగి వైపు వెళ్తుంటే, డిసెంబరు పొద్దున్న కిటికీలోంచి ఏం కనిపిస్తుంది? లోయ నిండా తెల్లటి మంచు. అందులోంచి చెట్ల తలలు మాత్రం పైకి తేలి ఉంటాయి. "ఇక్కడ ఒక కోట ఉంటే ఎక్కడుంటుంది?" అని అడగండి చాలు, దారి పొడుగునా పిల్ల నోరు మూతపడదు. బలిఘట్టం దగ్గర వరాహ నది ఒడ్డున కూర్చున్నప్పుడు నీటి ఘట్టం చదవండి. తాండవ జలాశయం గట్టు మీద నిలబడి పింగళుడు వల ఎక్కడ వేసేవాడో అడగండి.

ఇదంతా సరదాకి మాత్రమే చెప్పడం లేదు. అద్భుతకథ అంటే ఎక్కడో మంచుదేశంలో, రాతిమేడల్లో, ఇంగ్లీషు పేర్లున్న పిల్లలకి జరిగేదన్న భావం మన పిల్లల్లో బలంగా ఉంది. హ్యారీ పోటర్ సినిమాలు చూసి ఆనందించనివ్వండి, తప్పేమీ లేదు. కానీ తన ఊరి కొండ కూడా ఒక కథకి చాలినంత పెద్దదని పిల్లకి తెలియాలి. తెలిసినరోజున తనే ఒకటి రాయడం మొదలుపెడుతుంది.

8. భయపడితే?

ఈ కథల్లో బలులున్నాయి, తలలు తెగుతాయి, ఎముకల గుట్టలుంటాయి. కొందరు పిల్లలు ఎగిరి గంతేస్తారు, కొందరు దుప్పట్లో దూరతారు. దూరే పిల్ల ఉంటే రాత్రి మానేసి సాయంత్రం వెలుతురులో చదవండి. ఆ పిల్లకి మాత్రం ప్రమాదం దగ్గర ఆపకండి, ప్రమాదం గడిచాక ఆపండి. "ఇంత పిరికిదానివేంటే" అని మాత్రం అనొద్దు. ఏడేళ్ళలోపు పిల్లలకి ఈ నవలలు వద్దని నా అభిప్రాయం. వాళ్ళకి వేరే కథలు బోలెడున్నాయి.

9. కథలో నచ్చనివి దాటేయకండి

ఈ నవలలంటే నాకు ఎంత ప్రేమ ఉన్నా రెండు విషయాలు చెప్పాలి.

మొదటిది, సాహసాలన్నీ దాదాపు మగపిల్లలవే. ఆడపిల్లలు చాలావరకు ఎవరో ఎత్తుకుపోతే ఎవరో విడిపించాల్సినవాళ్ళు. మీ అమ్మాయి "ఆ రాజకుమారి ఎందుకు కత్తి పట్టుకోలేదు?" అని అడిగితే సర్దిచెప్పకండి. "నువ్వైతే ఏం చేసేదానివి?" అని అడగండి. ఒక పూట పుస్తకం పక్కనపెట్టి ఆ కథే వినండి.

రెండోది ఇంకా ముఖ్యం, మన ప్రాంతానికి మరీ ముఖ్యం. ఈ సీరియళ్ళలో అడవిమనుషులు తరచూ వస్తారు. కొన్నిచోట్ల నాయకుడికి సాయం చేస్తారు. కొన్నిచోట్ల బలులిచ్చే క్రూరులుగా, అనాగరికులుగా కనిపిస్తారు. రాసిన కాలం అది. కానీ మీ పిల్ల పక్క బెంచీలో కూర్చునేది చింతపల్లి నుంచో కొయ్యూరు నుంచో గూడెం కొత్తవీధి నుంచో వచ్చి హాస్టల్లో ఉండి చదువుకునే పిల్ల కావచ్చు. ఆ పిల్ల ఇంట్లో కువి మాట్లాడుతుందేమో, ఆదివాసీ ఒడియా మాట్లాడుతుందేమో. ఆ ఘట్టం వచ్చినప్పుడు ఆగి ఒక మాట చెప్పండి. "కథలో ఇలా రాశారు గానీ, కొండమీద ఉండేవాళ్ళు ఇలా ఉండరు. వాళ్ళూ మనలాంటివాళ్ళే. ఈ కొండల్లో బతుకు గురించి మనకంటే వాళ్ళకే ఎక్కువ తెలుసు." అల్లూరి సీతారామరాజు సమాధి ఉన్న కృష్ణదేవిపేట మనకి పక్కనే. 1922లో చింతపల్లి పోలీసు స్టేషను మీదికి ఆయనతో కలిసి వెళ్ళింది ఈ కొండల మనుషులే అని చెప్పండి. పిల్లకి అంతకంటే మంచి సమాధానం దొరకదు.

10. నీతి అడగకండి

"ఈ కథలో నీతి ఏమిటి?" ఈ ఒక్క ప్రశ్న వేసి ఎన్ని ఇళ్ళలో ఎన్ని మంచి కథలని చంపేశాం! పింగళుడు అన్నల్ని మళ్ళీ ఎందుకు నమ్మాడో పిల్ల తనలో తాను తేల్చుకుంటుంది. పది రోజుల తర్వాత ఏదో సందర్భంలో పైకి అంటుంది. అప్పుడు వినండి.

మార్కులతో కూడా ముడిపెట్టకండి. "యూనిట్ టెస్టులో మంచి మార్కులొస్తేనే కథ" అన్నారంటే కథ కూడా ట్యూషనైపోతుంది.

ఇంట్లో తెలుగు చదివేవాళ్ళు లేకపోతే?

అమ్మానాన్నలు ఇద్దరూ పనికి వెళ్ళి రాత్రి ఎనిమిదింటికి ఇల్లు చేరేవాళ్ళుంటారు. చదువు రానివాళ్ళుంటారు. ఎదురింటి ఇంటర్ చదివే అక్క, పిన్ని, మావయ్య, పింఛను తీసుకుంటున్న తాతయ్య, ఎవరైనా చదవొచ్చు. మీరు పక్కన కూర్చుని వినండి. మీరు కూడా వింటున్నారన్నదే పిల్లకి పెద్ద విషయం. తర్వాతేమవుతుందో మీకూ తెలియదు కాబట్టి, ఆ రోజుకి మీరిద్దరూ ఒకే ఈడువాళ్ళు.

బడిపంతుళ్ళకి ఒక మాట. మన రాష్ట్రంలో 2020లో 'చదవడం మాకిష్టం' అని బడుల్లో కార్యక్రమం పెట్టారు. కార్యక్రమాలు వస్తాయి, పోతాయి. లైబ్రరీ పీరియడు మీ చేతిలోనే ఉంది. నలభైమందికి నలభై పుస్తకాలు అక్కర్లేదు. ఒక్క పుస్తకం, మీ గొంతు, గంట కొట్టేసరికి ఒక ప్రమాదం. కొండ నుంచి వచ్చిన పిల్లలు క్లాసులో ఉంటే వాళ్ళ అవ్వలు చెప్పిన కథలు కూడా ఒక పీరియడు చెప్పించండి. నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి. వ్యాసరచన పోటీతో సరిపెట్టకుండా, ఆ వారం రోజులూ ఊళ్ళో లైబ్రరీలో సాయంత్రం ఒక్కో భాగం చదివి వినిపించండి.

పుస్తకం ఎక్కడ?

2013 తర్వాత చందమామ రావడం లేదు. అయినా దాసరి సీరియళ్ళు పుస్తకాలుగా వచ్చాయి. సికింద్రాబాదులోని 'మంచి పుస్తకం' సంస్థ వీటిని వేసింది. అక్కడి నుంచి పోస్టులో తెప్పించుకోవచ్చు. జనవరిలో విజయవాడ పుస్తక ప్రదర్శనకి వెళ్ళే బంధువులుంటే చెప్పి ఉంచండి. పాత ఇళ్ళలో అటకల మీద చందమామ బైండు పుస్తకాలు ఇంకా ఉన్నాయి, అడిగితే ఇస్తారు. కొత్త పుస్తకం కొన్నవాళ్ళు చదవడం అయ్యాక బీరువాలో పెట్టకండి. ఇంకో ఇంటికి ఇవ్వండి.

సెలవుల దాకా ఆగొద్దు. 'ముగ్గురు మాంత్రికులు' ఈ వారమే తెప్పించండి. వచ్చిన రోజు రాత్రే మొదటి భాగం చదివి, సరస్సు ఒడ్డున ఆపండి.